కుట్లు విప్పాక మచ్చ ఉబ్బకుండా చూసుకోవడం ఎలా?

నా కుడి భుజం మీద కొవ్వు గడ్డ తీసినప్పుడు గాటు పొడవు బొటనవేలి గోరంత. పన్నెండో రోజున కుట్లు విప్పి, "అంతా బాగుందమ్మా, ఇక రానక్కర్లేదు" అన్నారు. గాయం మట్టుకు నిజంగానే బాగా మానింది. మూడో నెలలో దురద మొదలైంది. జాకెట్టు చెయ్యి ఒరుసుకుంటోందేమో అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఆ గోరంత గాటు మీద చిక్కుడుకాయంత ఉబ్బు, గట్టిగా, ఎర్రగా, నూనె రాసినట్టు మెరుస్తూ కూర్చుంది. మా అమ్మ చెవి తమ్మెకు అలాంటిదే ఉంది. ఆపరేషన్‌కు ముందు ఆ సంగతి నన్నెవరూ అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు.

ఆరేళ్ల తర్వాత సిజేరియన్ అయింది. ఈసారి తెలిసి జాగ్రత్తపడ్డాను. పొత్తికడుపు మీద ఇప్పుడు సన్నటి గీత తప్ప ఏమీ లేదు. అంతా నా జాగ్రత్త గొప్పే అనను. ఈ విషయంలో భుజం కంటే పొత్తికడుపు నెమ్మదస్తురాలు. కానీ మొదటిసారి నేను పోగొట్టుకున్న ఆ మూడు నెలలు మీరు పోగొట్టుకోకుండా ఉంటారని ఇది రాస్తున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42. కడుపు మీద కుట్ల గీత లేని ఇల్లు అరుదైపోయింది.

ముందు అది ఏ మచ్చో పోల్చుకోండి

ఉబ్బిన మచ్చలన్నీ ఒకటి కావు. ఒక రకం గాటు గీసిన గీత దాటదు. గాయం మానిన నెలా రెండు నెలల్లో లేస్తుంది, తాడు ముక్కలా గట్టిగా ఉంటుంది, ఏడాది ఏడాదిన్నరలో చాలామందికి తనంతట తానే కొంత అణుగుతుంది. డాక్టర్లు దీన్ని హైపర్‌ట్రోఫిక్ స్కార్ అంటారు. రెండోది కీలాయిడ్. పక్కవాడి పొలంలోకి గట్టు జరిపే మనిషిలా ఇది గాయం తగలని చర్మంలోకి కూడా పాకుతుంది. మూడు నెలలకు రావచ్చు, ఏడాది దాటాక కూడా రావచ్చు. వచ్చాక దానంతట అది పోవడం అరుదు.

కీలాయిడ్ అన్న పేరు 19వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి చర్మవైద్యుడు ఆలిబేర్ పెట్టింది. పీత డెక్కకు గ్రీకులో ఉన్న మాట నుంచి తీసుకున్నాడు, పక్కలకు చాచిన కొనలు అలాగే ఉంటాయి మరి. మొదట క్యాన్సర్‌ను తలపించే పేరు పెట్టి, ఇది క్యాన్సర్ కాదని మార్చాడు. మచ్చ చూసి గుండెలు బాదుకునే అత్తయ్యలకు ఈ ముక్క చెప్పండి. ఒక్క మినహాయింపు: ఏ గాయమూ, మొటిమా లేని చోట గట్టి గడ్డ పెరుగుతుంటే అది కీలాయిడేనని మీరే తేల్చేసుకోకండి. చర్మవైద్యులకు చూపించి, అవసరమంటే ముక్క పరీక్ష చేయించండి.

ఎవరికి వస్తుందంటే, తెల్లచర్మం వాళ్ల కంటే మన చామనఛాయ, నలుపు చర్మాలకు ఎక్కువ. 10 నుంచి 30 ఏళ్ల మధ్య ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా ఉంటే ఎక్కువ. ఒంట్లో కూడా దానికి ఇష్టమైన చోట్లు ఉన్నాయి: రొమ్ము నడిమి ఎముక మీద, భుజాలు, వీపు పైభాగం, చెవి తమ్మె, దవడ అంచు. కనురెప్పల మీద దాదాపు రాదు. టోక్యోలోని నిప్పాన్ మెడికల్ స్కూల్‌లో రేయ్ ఒగావా బృందం ఏళ్ల తరబడి చెబుతున్నది ఈ తేడా గురించే. చర్మం ఎక్కడ ఎక్కువ లాగబడుతుందో అక్కడ మచ్చ ఎక్కువ ఉబ్బుతుంది. చెయ్యెత్తిన ప్రతిసారీ భుజం మీద, రొమ్ము మీద చర్మం సాగుతుంది. కనురెప్ప వదులుగా వేలాడుతుంటుంది. ఈ లాగుడు సంగతి గుర్తుపెట్టుకోండి, కింద చెప్పేవాటిలో సగం దాని చుట్టూనే తిరుగుతాయి.

ఆపరేషన్‌కు ముందు: ఎడమ భుజం చూసుకోండి

మనలో చాలామందికి పుట్టగానే ఎడమ భుజం మీద బీసీజీ టీకా వేశారు. ఆ మచ్చ గుంటలా ఉందా, ఉబ్బి ఉందా? ఉబ్బి ఉంటే సర్జన్‌కు చూపించండి. మీ చర్మం గాయానికి ఎలా స్పందిస్తుందో చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. చెవులు, ముక్కు కుట్టిన చోట్లు, పాత మొటిమల మచ్చలు కూడా చూసుకోండి. అమ్మకు, నాన్నకు, తోబుట్టువులకు ఉందేమో అడగండి. నోటిమాటగా చెబితే గాలికి పోతుంది, కేస్ షీట్‌లో రాయించండి.

వాడుతున్న మందులన్నీ చెప్పండి. స్టెరాయిడ్ మాత్రలు, రక్తం పలచబరిచేవి, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, ఆఖరికి ఆయుర్వేద చూర్ణాలు కూడా. వేటినీ సొంతంగా ఆపకండి, చెప్పడం వరకే మీ పని. షుగర్ అదుపులో లేకపోతే గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. అలా సతాయించి మానిన గాయమే ఎక్కువగా ఉబ్బుతుంది. సిగరెట్, బీడీ ఉంటే అప్పటికైనా ఆపండి.

సర్జన్‌ను ఒక ప్రశ్న అడగండి: "లోపలి పొరల్లో కుట్లు వేసి పైచర్మం మీద లాగుడు తగ్గిస్తారా?" ఈ మాట మీ నోట వినగానే మీరు మచ్చ గురించి పట్టించుకునే మనిషని వాళ్లకు అర్థమవుతుంది. ఇక రొమ్ము మీదో భుజం మీదో ఉన్న పుట్టుమచ్చను కేవలం అందం కోసం తీయించుకోవాలనుకుంటే, ఇంట్లో కీలాయిడ్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. వద్దు.

కుట్లు ఉన్నన్ని రోజులు

ఇక్కడ మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు పథ్యం. "పప్పు తింటే చీము పడుతుంది" అని బాలింతకు కారప్పొడి అన్నం పెడతారు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, కందిపప్పు వల్ల కాదు. గాయం కొత్త కణజాలం అల్లుకోవడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్లు, పెరుగు, తినేవాళ్లైతే చేప, మాంసం. సి విటమిన్‌కు జామకాయ, నిమ్మ, ఉసిరి. మా అత్తగారితో ఈ వాదన గెలవలేక డాక్టరమ్మతోనే చీటీ మీద "రోజూ పప్పు, గుడ్డు" అని రాయించుకొచ్చాను. మందుల చీటీ మీద ఉంది కాబట్టి చెల్లింది.

గాయం ఎప్పుడు తడపవచ్చో మీ సర్జన్ చెబుతారు. తడపమన్నాక మామూలు నీళ్లు, సాధారణ సబ్బు నురగ చాలు, మెత్తటి గుడ్డతో అద్దండి. చాలామంది యాంటీబయాటిక్ పౌడర్ చల్లి గాయాన్ని ఎండబెడతారు. ఎండిన గాయం మీద పక్కు కడుతుంది, దాన్ని గోకితే మళ్లీ మొదటికొస్తుంది. డాక్టర్ ఒప్పుకుంటే పలచగా తెల్ల పెట్రోలియం జెల్లీ రాసి తేమగా ఉంచడం మేలు. పచ్చి గాయం మీద పసుపు, కొబ్బరి నూనె, ఆకుపసర్లు పెట్టకండి. జ్వరం, చీము, చుట్టూ పాకే ఎరుపు, రోజురోజుకూ పెరిగే నొప్పి, కుట్టు విచ్చుకోవడం... ఇవి కనిపిస్తే ఇంకేం చదవకుండా ఆసుపత్రికి వెళ్లండి.

కుట్లు విప్పే తేదీ దాటనివ్వకండి. ముఖం మీద సుమారు 5 నుంచి 7 రోజులు, పొట్ట, వీపు, కాళ్లు చేతుల మీద 10 నుంచి 14 రోజులు. "ఆషాఢం వెళ్లాక విప్పించుకుందాం" అంటే దారం గుర్తులు నిచ్చెన మెట్లలా చర్మం మీద ఉండిపోతాయి.

కుట్లు విప్పిన రోజు నుంచి టేపు

పైకి మానినట్టు కనిపించే గాయం లోపల ఇంకా పచ్చిదే. మూడు వారాలకు దాని బలం మామూలు చర్మంలో 20–30 శాతం మాత్రమే. మూడు నెలలకు 80 శాతం దాకా వస్తుంది, నూటికి నూరు ఎప్పటికీ రాదు. ఈ మూడు నెలలూ లాగుడు తగ్గించడానికి అన్నిటికంటే చవకైనది మందుల షాపులో దొరికే కాగితపు టేపు. మైక్రోపోర్ అని అడిగితే ఇస్తారు.

వేయడం ఇలా. చర్మం కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నూనె, క్రీము ఉంటే అంటదు. మచ్చకు రెండు పక్కలా ఉన్న చర్మాన్ని వేళ్లతో కొంచెం లోపలికి తోసి, మచ్చ పొడుగునా టేపు పరిచి వదలండి. టేపును సాగదీసి అంటించకండి, అంచుల్లో పొక్కులొస్తాయి. స్నానం చేసినా పరవాలేదు, తువ్వాలుతో అద్దితే ఆరిపోతుంది. నాలుగైదు రోజులకు అంచులు లేస్తాయి, అప్పుడు మార్చండి. తీసేటప్పుడు బాగా తడిపి చర్మానికి ఆనించినట్టుగా మెల్లగా లాగండి, పైకి గుంజకండి. ఇలా 12 వారాలు. దద్దురు వస్తే ఆపి, కింద చెప్పే సిలికాన్‌కు మారండి.

ఆ మూడు నెలలు భుజం మీద గాటున్నవాళ్లు బరువులెత్తడం, జిమ్ముకు వెళ్లడం మానాలి. సిజేరియన్ అయినవాళ్లు నడికట్టు కట్టుకుంటే ముడి మచ్చ మీద పడకుండా, కింద మెత్తటి నూలు గుడ్డ వేసుకోండి. లంగా బొందు సరిగ్గా ఆ గీత మీదే ఒరుసుకుంటుంది, కాస్త పైకి కట్టండి.

సిలికాన్: పనిచేస్తుంది, ఓపిక మీద

మచ్చలు ఉబ్బకుండా ఇంట్లో వాడుకునే వాటిలో వైద్యులు మొదట చెప్పేది సిలికానే. కొత్త మచ్చ మీది చర్మం నుంచి తేమ ఎక్కువగా ఆవిరైపోతుంటుంది. ఆ పొడిదనం లోపలి కణాలకు "ఇంకా నేయండి, ఇంకా నేయండి" అన్న కబురులా అందుతుంది, అవి చర్మానికి గట్టిదనాన్నిచ్చే కొల్లాజెన్ పోగులు పోగేస్తాయి. సిలికాన్ మూతలా కూర్చుని ఆ ఆవిరిని ఆపుతుంది. చర్మంలోకి ఇంకే మందు ఏమీ ఉండదు కాబట్టి పాలిచ్చే తల్లులూ వాడవచ్చు.

గాయం పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టాలి, సుమారు రెండు వారాలకు. తడి, పక్కు ఉన్నంతసేపూ వద్దు. రెండు రూపాల్లో దొరుకుతుంది. షీటు పారదర్శకంగా, ముట్టుకుంటే మీగడ తరకలా ఉంటుంది. మచ్చ కంటే అర సెంటీమీటరు పెద్దగా కత్తిరించుకోండి. మొదటి రోజు నాలుగు గంటలు, తర్వాత రోజూ కొంచెం పెంచుతూ రోజుకు 12 గంటలకు తక్కువ కాకుండా, వీలైతే 20కి పైగా ఉంచండి. రోజూ తీసి, సబ్బు నీళ్లలో కడిగి, గాలికి ఆరబెట్టి, అదే ముక్క మళ్లీ వాడండి. తువ్వాలుతో తుడిస్తే నూగు అంటి జిగురు పోతుంది, నేను మొదటి షీటును అలాగే పాడుచేశాను. రెండోది గ్లాసు వెనక అంటించి ఆరబెట్టాను, మూడు వారాలు వచ్చింది.

మన ఎండాకాలంలో షీటు కింద చెమట నిలిచి చెమటకాయలు వస్తాయి. అప్పుడు ఒకటి రెండు రోజులు ఆపి, జెల్‌కు మారండి. జెల్ ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, కనపడీ కనపడనంత పలచగా. ఐదు నిమిషాలు ఆరాక బట్టలు వేసుకోండి. ఎక్కువ రాస్తే ఎక్కువ పనిచేయదు, జాకెట్టుకు అంటుకుంటుంది అంతే. ముఖానికి, కీళ్లకు జెల్ సుళువు. రొమ్ముకు, పొట్టకు షీటు.

ఎంతకాలం? కనీసం మూడు నెలలు, కీలాయిడ్ స్వభావం ఉంటే ఆరు నెలలు. రెండు వారాలు వాడి "ఏమీ మారలేదు" అని మూలన పడేసినవాళ్లే ఎక్కువ.

ఎండ తగిలే చోట మచ్చ ఉంటే ఏడాది పాటు గుడ్డ కప్పండి, లేదా ఎస్పీఎఫ్ 30కి తక్కువ కాని సన్‌స్క్రీన్ రాయండి. ఇది ఉబ్బును ఆపదు, నల్లబడటాన్ని తగ్గిస్తుంది.

దురద వస్తే ఆగకండి

నెలకొకసారి ఒకే కిటికీ దగ్గర, మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసుకోండి. రోజూ అద్దంలో చూసే కంటికి మార్పు తెలియదు, బిళ్ల పక్కన తెలుస్తుంది. మొదటి నెలా నెలన్నర మచ్చ ఎర్రగా, కాస్త గట్టిగా ఉండటం మామూలే. ఆ తర్వాత తగ్గాల్సింది పోయి మందమెక్కుతున్నా, రాత్రిళ్లు దురద పుడుతున్నా, సూదులు గుచ్చినట్టున్నా, అంచు గీత దాటుతున్నా వెంటనే చర్మవైద్యుల దగ్గరికో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికో వెళ్లండి. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. లేత మచ్చ మందుకు లొంగినంతగా ముదిరింది లొంగదు.

అక్కడ మొదట ఇచ్చేది ట్రయామ్‌సినొలోన్ అనే స్టెరాయిడ్ సూది. నేరుగా మచ్చలోకే. మందు చవకది, నొప్పి మాత్రం చవక కాదు. నా భుజం మీది గట్టి మచ్చలోకి మందు దిగడానికి డాక్టర్ బొటనవేలు వణికేంత ఒత్తారు, మచ్చ ఒక్కసారిగా పాలలా తెల్లబడింది, పది లెక్కపెట్టేసరికి మళ్లీ ఎరుపెక్కింది. మత్తుమందు కలిపి ఇవ్వమని, ముందు ఐసు పెట్టమని అడగండి. మొహమాటపడితే మీకే నష్టం. మూడు నుంచి ఆరు వారాలకోసారి, నాలుగైదు విడతలు పట్టవచ్చు. మందు గాఢత మిల్లీలీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల మధ్య, మచ్చ మందాన్నీ చోటునూ బట్టి డాక్టరే నిర్ణయిస్తారు. దురద ముందు పోతుంది, మచ్చ ఆ తర్వాత మెత్తబడుతుంది.

దుష్ప్రభావాలు తెలిసే వెళ్లండి. చుట్టూ చర్మం పలచబడి గుంటపడవచ్చు, తెల్లమచ్చ పడవచ్చు, సన్నటి ఎర్ర నాళాలు కనపడవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు పెరగవచ్చు, ఆ వారం ఎక్కువసార్లు చూసుకోండి. నెలసరి తేడా రావచ్చు. గర్భం ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పండి. చదునైన చోట ఇంకా సూది వేయించుకోకండి, ఉబ్బు పోయి గుంట మిగులుతుంది.

దానికీ లొంగకపోతే 5-ఫ్లోరోయురాసిల్ కలిపి ఇస్తారు. ఇది క్యాన్సర్ మందే, కానీ ఇక్కడ కొంచెమే, మచ్చలోకి మాత్రమే. గర్భవతులకు పనికిరాదు. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, లేజర్ కూడా ఉన్నాయి. మన రంగు చర్మానికి గడ్డకట్టిస్తే తెల్లమచ్చ మిగిలే ప్రమాదం ఎక్కువ. ఎవరికైనా కీలాయిడ్ వస్తుందని ముందే తెలిస్తే, కొందరు డాక్టర్లు కొత్త గాటు మానుతున్నప్పుడే సూదులు మొదలుపెడతారు. మరీ తొందరగా ఇస్తే గాయం విచ్చుకుంటుంది కాబట్టి ఆ లెక్క వాళ్లకే వదలండి.

కోసేస్తే పోదా?

నేనూ ఇదే అడిగాను. ఉత్తినే కోసేసిన కీలాయిడ్ సగానికి పైగా సందర్భాల్లో తిరిగొస్తుంది, తరచూ మునుపటి కంటే పెద్దదై వస్తుంది. ఒక గాటుకు ఉబ్బిన చర్మానికి ఇంకో గాటు పెడుతున్నాం మరి. అందుకే కోస్తే దాని వెంట ఇంకేదో ఉండాలి: స్టెరాయిడ్ సూదులు, లేదా కోసిన ఒకటి రెండు రోజుల్లోనే మొదలయ్యే రేడియేషన్ (పిల్లలకు, గర్భవతులకు కాదు), చెవి తమ్మెకైతే నెలల తరబడి ఒత్తిపట్టే క్లిప్పు. ఇవేమీ చెప్పకుండా "పది నిమిషాల పని, కోసేద్దాం" అనే చోటి నుంచి లేచి వచ్చేయండి.

డబ్బు దండగ

విటమిన్ ఇ గుళిక చిదిమి రాయడం: మచ్చ తగ్గదు, కొందరికి దద్దుర్లు అదనం. ఉల్లిపాయ సారం జెల్: ఆధారం బలహీనం, సిలికాన్ కొనగా డబ్బు మిగిలితే మీ ఇష్టం. షాపువాడిచ్చే స్టెరాయిడ్ ట్యూబు: గట్టి మచ్చలోకి సరిగా దిగదు, చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని పలచబరుస్తుంది. సున్నం, కారపు మందులతో "కాల్చడం": కొత్త గాయం, కొత్త కీలాయిడ్.

మర్దన మధ్యస్తం. గాయం గట్టిపడ్డాక, నెల దాటాక, వేలిముద్ర భాగంతో ఒత్తి చర్మాన్నే కదపండి, పైపైన రుద్దకండి. బిగుతు, దురద తగ్గుతాయి. ఎర్రబడి మండుతుంటే ఆపేయండి.

ఎప్పుడు ఆపాలి

మచ్చ లేతరంగుకు మారి, చదునై, రెండు వేళ్లతో పట్టుకుంటే పక్క చర్మంలాగే మెత్తగా కదులుతుంటే సిలికాన్ ఆపవచ్చు. ఒక్కసారిగా కాదు, వారం పాటు రాత్రిళ్లు మాత్రం వాడి, తర్వాత మానండి. ఏడాది వరకూ నెలవారీ ఫొటో కొనసాగించండి.

ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఇంకొక్క మాట. కీలాయిడ్ కుటుంబాల్లో చెవులు 11 ఏళ్లు దాటాక కుట్టించిన పిల్లలకే ఉబ్బు ఎక్కువని గమనించారు. పసితనంలోనే కుట్టించే మన అలవాటు ఈ ఒక్క విషయంలో కలిసొచ్చింది. కాలేజీలో చేరాక రెండో కన్నం, పైచెవి కన్నం అంటే మటుకు మా అమ్మ తమ్మె ఫొటో, నా భుజం ఫొటో పక్కపక్కన పెట్టి చూపిద్దామని ఫోన్‌లో దాచి ఉంచాను. మీవీ దాచుకోండి, వచ్చేసారి ఆపరేషన్ బల్ల ఎక్కేముందు సర్జన్‌కు చూపించాల్సిందీ అవే.